అప్పు లేదు, చేబదులుంది

సర్వేలూ పథకాలూ: మీ ప్రశ్నలు, నా జవాబులు

ముప్పై ఏళ్లు చిత్తూరు జిల్లా ఊళ్లలో ఫారాలు పట్టుకొని తిరిగాను. మొదట ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా, తర్వాత సూపర్‌వైజర్‌గా, చివరి పదేళ్లు నివేదికలు రాసే మనిషిగా. ఇప్పుడు తిరుపతి బైరాగిపట్టెడలో ఇంటిపట్టునే ఉంటున్నాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఆరింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

*

ప్రశ్న: పోయిన నెల ఇద్దరు ఆడపిల్లలు ట్యాబ్ పట్టుకొని మా ఇంటికొచ్చి గంటన్నర కూర్చున్నారు. వారంలో ఎన్ని గుడ్లు తిన్నారు, అప్పెంత ఉంది, మీ ఆయన మీ చేతికి ఎంత ఇస్తాడు అని అన్నీ అడిగారు. నిజం చెబితే రేషన్ కార్డు పోతుందని పక్కింటామె భయపెట్టింది. సగం నిజం, సగం అబద్ధం చెప్పినాను. తప్పు చేసినానా అమ్మా?
– పాడి చేసుకునే ఒక తల్లి, పలమనేరు దగ్గర పల్లె

జవాబు: తప్పు మీ దగ్గర మొదలుకాలేదు తల్లీ. కూర్చోకముందే మీకు చెప్పాల్సిన మాటలు వాళ్లు చెప్పి ఉంటే మీకు ఈ భయం ఉండేది కాదు.

మన గడపకు రెండు రకాల మనుషులు వస్తారు. సచివాలయం నుంచి వచ్చి పేరు, ఆధార్ నంబరు రాసుకొని పోయేవాళ్లు ఒక రకం. ఆ లెక్క పథకాల అర్హత చూడటానికి. రెండో రకం నమూనా సర్వే వాళ్లు. వాళ్లకు కావలసింది మీ ఒక్కరి సంగతి కాదు, మీలాంటి ఇళ్లన్నీ కలిపి ఎట్లా ఉన్నాయన్నది. ప్రభుత్వం చేసే గణాంక సర్వేలకు 2008 నాటి గణాంకాల సేకరణ చట్టం ఉంది. అందులో ఇచ్చిన వివరాలు గణాంకాల కోసమే వాడాలి. పరిశోధన సంస్థల వాళ్లయితే ముందుగా సమ్మతి పత్రం చదివి వినిపించి, మీరు సరేనంటేనే మొదలుపెట్టాలి. వాళ్లను ఇష్టంలేని ప్రశ్న వదిలేయమనొచ్చు, నడిమధ్యలో లేచి పాలు పిండుకోడానికి పోవచ్చు. ఈసారి ఎవరైనా వస్తే గుర్తింపు కార్డు చూపించమనండి. ఎవరు పంపారు, నా పేరు ఎవరికి తెలుస్తుంది అని నిలబెట్టి అడగండి. మంచిగా శిక్షణ పొందిన పిల్లలైతే ఆ ప్రశ్నకు సంతోషిస్తారు.

ఒక్క మాట మాత్రం మనసులో పెట్టుకోండి. చెప్పడం ఇష్టం లేకపోతే ‘చెప్పను’ అనండి, అబద్ధం మాత్రం వద్దు. చెప్పనంటే ఆ గడి ఖాళీగా ఉంటుంది, ఖాళీ అని అందరికీ కనబడుతుంది. అబద్ధం నిజంగా నమోదైపోతుంది. దాన్ని ఇంక ఎవరూ కనుక్కోలేరు.

అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తామే, నమూనా సర్వే అదే. ప్రశాంత చంద్ర మహలనోబిస్ చొరవతో 1950లో జాతీయ నమూనా సర్వే మొదలైంది, మన దేశంలో ఇంటింటి లెక్కలకు పెద్ద దారి అదే వేసింది. కానీ మెతుకు ఎక్కడినుంచి తీశామన్నది ముఖ్యం. బస్సు దిగిన చోట పక్కా ఇళ్లలో నాలుగు ఫారాలు నింపుకొని పోతే, ఊరి చివర ఎస్టీ కాలనీ ఆ లెక్కలో ఉండనే ఉండదు. అందుకే ముందు ఊరంతా తిరిగి ఇళ్ల జాబితా రాసి, అందులోంచి చీటీలు తీసినట్టు ఇళ్లు ఎంచుతారు. మీ ఇల్లు అట్లా వచ్చిందనుకోండి, జాబితాలో మీలాంటి ఇంకా ఎన్నో ఇళ్ల తరఫున మీరు మాట్లాడుతున్నట్టు.

ఇక అప్పు గురించి. నేను కొత్తగా చేరిన రోజుల్లో పుంగనూరు వైపు ఒక ఊళ్లో ‘మీ కుటుంబానికి రుణం ఉందా?’ అని పదకొండిళ్లలో అడిగాను. పదకొండిళ్లలోనూ లేదన్నారు. రాయలసీమ పల్లెలో, అదీ వాన మొహం చాటేసిన ఏడు! సాయంత్రం బస్సు కోసం కూర్చుంటే టీ అంగడి ఆమె నవ్వి, ‘అప్పు లేకుండా ఉండొచ్చు గానీ, చేబదులు లేని కొంప యాడుంటాది మా?’ అంది. నాకు కళ్లు తెరుచుకున్నాయి. వాళ్లకు అప్పంటే ప్రోనోటు, వడ్డీ, పరువు. చేబదులు అప్పు కాదు. పాడుకున్న చీటీకి ఇంకా కట్టాల్సిన వాయిదాలు అప్పు కాదు. కుదువ పెట్టిన గొలుసు ‘బ్యాంకులో ఉండాది’ అంతే. మర్నాడు అవే ఇళ్లకు పోయి నాలుగు రకాలుగా అడిగాను. ఒక్క ఇల్లు తప్ప అన్నిట్లోనూ ఏదో ఒకటి తేలింది. ఆ పని చేయించిన సంస్థ ఫారం మార్చడానికి ఒప్పుకోలేదు. నేను పక్క ఖాళీలో పెన్సిల్‌తో రాసుకున్నవి లెక్కలోకి రాలేదు. ‘ఈ ప్రాంతంలో రుణభారం తక్కువ’ అనే మాట అచ్చయింది. ఇన్నేళ్లయినా ఆ వాక్యం తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.

పని లెక్కా అంతే. ‘మీరు ఏం పని చేస్తారమ్మా?’ అంటే ‘ఏం చేస్తా, ఇంట్లోనే ఉంటా’ అంటారు. తెల్లారి నాలుగ్గంటలకు లేచి రెండు జెర్సీ ఆవులకు పాలు పిండి, పచ్చిగడ్డి కోసుకొచ్చి, పేడ తీసి, పాల కేంద్రానికి క్యాన్ మోసే మనిషి చెప్పే జవాబది. జాతీయ నమూనా సర్వేలో ఇంటి పని మాత్రమే చేసేవాళ్లకు 92 అని, ఇంటి పనితో పాటు ఇంటి అవసరాలకు కట్టెలు ఏరడం, బట్టలు కుట్టడం వంటివీ చేసేవాళ్లకు 93 అని కోడ్‌లున్నాయి. అమ్మడానికి పాలు పిండే ఆమె ఆ రెండిట్లోనూ పడకూడదు, ఆమె పని చేసే మనిషే. తొందరలో ఉన్న ఇన్వెస్టిగేటర్ 92 వేసేసి లేస్తాడు. దేశంలో ఆడవాళ్లు పని చేయడం లేదని చర్చలు జరిగినప్పుడల్లా నాకు మీలాంటి వాళ్ల చేతులే గుర్తొస్తాయి. మీరు పాడి చేస్తారు తల్లీ. ఈసారి అడిగితే అదే చెప్పండి.

*

ప్రశ్న: మా స్వచ్ఛంద సంస్థ రామకుప్పం వైపు ఊళ్లలో మహిళలకు పాడి పోషణలో శిక్షణ ఇచ్చింది. మే నెలలో ఆవుకు సగటున రోజుకు 6 లీటర్లు ఉంటే నవంబరుకు 8 అయ్యాయి. విజయవంతమైందని నివేదిక పంపాం. ‘ఇది మీ శిక్షణ వల్లేనని ఎలా తెలుసు?’ అని నిధులిచ్చినవాళ్లు అడిగారు. ఇంత కష్టపడితే ఇదేం ప్రశ్న?
– ఒక సమన్వయకర్త, కుప్పం

జవాబు: మీ కష్టం మీద నాకు ఏ అనుమానమూ లేదు నాయనా. కానీ వాళ్లు అడిగింది అడగాల్సిన ప్రశ్నే.

మే నెలలో మన జిల్లాలో పచ్చిగడ్డి ఎక్కడుంటుంది? ఎండు చొప్ప, ఉంటే చెనక్కాయ కట్టె. నవంబరు అంటే నైరుతి పోయి ఈశాన్య వానలు పడే కాలం. గట్ల మీదే గడ్డి మోకాలెత్తు ఉంటుంది. మీరు శిక్షణ ఇచ్చినా ఇవ్వకపోయినా పాలు పెరిగేవి. ఇంకొకటి, మేలో వట్టిపోవడానికి దగ్గరగా ఉన్న ఆవులు ఎన్ని, నవంబరులో కొత్తగా ఈనినవి ఎన్ని? ఈనిన నెలా రెండు నెలల్లో పాలు పతాక స్థాయికి వచ్చి తర్వాత తగ్గుతూ పోతాయని మీ శిక్షణలో మీరే చెప్పి ఉంటారు. ఆవు ఎన్నో ఈతలో ఉంది, ఈని ఎన్నాళ్లయింది అనే రెండు గడులు మీ ఫారంలో ఉన్నాయా?

‘ముందు ఇంత, తర్వాత ఇంత’ అనేది మనకు తెలియాల్సింది కాదు. శిక్షణ లేకుంటే ఈ నవంబరుకు ఎంత ఉండేది అన్నది తెలియాలి. ఆ రెండో బతుకును మనం చూడలేం. అందుకని అలాంటిదే ఇంకో చోటును పక్కన పెట్టుకొని చూడాలి. మీరు ఇంకా అడుగుపెట్టని పక్క పంచాయతీలో, అవే నెలల్లో, అవే రకం ఆవులను కొలిచి ఉంటే చాలు. అక్కడా 6 నుంచి 8కి వచ్చి ఉంటే అది వానల గొప్ప. అక్కడ 7 దగ్గర ఆగి ఉంటే ఆ ఒక్క లీటరు మీది. ఒక లీటరు తక్కువేం కాదు, ఒక కుటుంబానికి ఆ డబ్బు ఎంతో మీకు తెలుసు.

పక్క పంచాయతీ మీదానితో నిజంగా సమానమా అనే అనుమానం మిగులుతుంది. శిక్షణకు ముందుకొచ్చే ఆడవాళ్లు మొదటినుంచే చురుకైనవాళ్లు కావచ్చు. ఆ చిక్కు విప్పడానికే లాటరీ. అన్ని ఊళ్ల పేర్లూ ఒక డబ్బాలో వేసి, ముందెవరికో తర్వాతెవరికో చీటీ తీసి నిర్ణయిస్తే, సగటున రెండు వైపులా ఒకే రకం జనం ఉంటారు. ఈ పద్ధతితో పేదరికం పథకాలను పరీక్షించినందుకే అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, మైఖేల్ క్రేమర్‌లకు 2019లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

మన రాష్ట్రంలోనే పెద్ద ఉదాహరణ ఉంది. ఉపాధి హామీ కూలి, పింఛన్లు వేలిముద్ర స్మార్ట్‌కార్డులతో ఇవ్వాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అనుకున్నప్పుడు, కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు ప్రభుత్వంతో కలిసి 8 జిల్లాల్లో 157 మండలాలను లాటరీ వేసి ముందూ వెనకా అని విడదీశారు. 2010 నుంచి 2012 దాకా చూశారు. కార్డు వచ్చిన మండలాల్లో కూలి త్వరగా అందింది. ప్రతిసారీ డబ్బు తీసుకోడానికి పట్టే సమయం దాదాపు 22 నిమిషాలు తగ్గింది. నడిమధ్యలో జారిపోయే సొమ్మూ తగ్గింది. పాత పద్ధతి కంటే ఇదే మేలని 90 శాతానికి పైగా జనం చెప్పారు. తర్వాత వాళ్లే ఇంకా లోతుకు వెళ్లి చూస్తే, కరువు పని (ఉపాధి హామీ పని) సరిగ్గా నడిచిన చోట బయటి పనుల కూలి రేటూ పెరిగిందని తేలింది. పేద ఇళ్లకు పెరిగిన ఆదాయంలో ఎక్కువ భాగం కరువు పనినుంచి కాదు, బయటి కూలినుంచే. పక్క మండలంతో పోల్చి చూడకపోతే ఈ సంగతి ఎవరికి అందేది?

నిధులిచ్చినవాళ్లకు ఇట్లా రాయండి: ‘మా లెక్కలో రుతువు ప్రభావం కలిసిపోయింది. వచ్చే విడతలో ఊళ్లను లాటరీతో ఎంచి, అవే నెలల్లో రెండు చోట్లా కొలుస్తాం.’ తల దించుకోవాల్సిన పని లేదు.

*

ప్రశ్న: లాటరీ వేసి కొందరు పేదలకు పథకం ఇచ్చి కొందరికి ఇవ్వకపోవడం మనుషులతో ప్రయోగం కాదా? దీన్ని శాస్త్రం అంటే నేను ఒప్పుకోలేను.
– ఎం.ఏ. విద్యార్థిని, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం

జవాబు: మీ కోపం నాకు నచ్చిందమ్మా. ఆ కోపం లేనివాళ్లు ఈ పనికి రాకూడదు.

అందరికీ ఇవ్వడానికి డబ్బూ మనుషులూ ఉండి, మేలని ముందే తెలిసి, లెక్క కోసం ఆపితే అది అన్యాయం. అలాంటి పని నేను ఒకసారి వద్దని బయటికి వచ్చేశాను. కానీ ప్రభుత్వాలు ఏ పథకమైనా ఒకే రోజున అన్ని ఊళ్లకూ తీసుకుపోలేవు. ఎవరో ముందు, ఎవరో తర్వాత. ఆ వరస ఎవరు నిర్ణయించాలి? నాయకుడి సొంతూరా, రోడ్డు పక్క ఊరా, చీటీయా? నన్నడిగితే చీటీయే న్యాయం. మెక్సికోలో 1997లో పిల్లల చదువు, ఆరోగ్యం షరతుగా తల్లుల చేతికి డబ్బిచ్చే ప్రోగ్రెసా పథకం మొదలైనప్పుడు 506 పల్లెలను తీసుకున్నారు. 320 ఊళ్లకు ముందు, మిగతా 186 ఊళ్లకు దాదాపు ఏడాదిన్నర తర్వాత వచ్చింది. ఎవరికీ శాశ్వతంగా ఆపలేదు. పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, పై తరగతుల్లో నిలబడుతున్నారని రుజువైంది. 2000లో ప్రభుత్వం మారినా ఆ పథకం నిలిచింది, ఇంకా విస్తరించింది. రుజువు లేని పథకాలకు ఆ అదృష్టం ఉండదు.

మంచిదని అందరూ నమ్మినదాన్నీ పరీక్షించాలి. హైదరాబాదులో 104 బస్తీలను తీసుకొని, సగం బస్తీల్లో ముందుగా సూక్ష్మరుణాల శాఖలు తెరిపించి చూశారు. చిన్న వ్యాపారాలు కొంత పెరిగాయి. ఆడవాళ్ల మాట చెల్లుబాటు, పిల్లల చదువు, ఆరోగ్యం మాత్రం చెప్పుకోదగ్గంతగా మారలేదు. రుణం ఇస్తే బతుకే మారిపోతుందని అప్పట్లో ఎంత ప్రచారం! 2010 అక్టోబరులో మన రాష్ట్రం ఆ రుణ సంస్థల మీద ఆర్డినెన్స్ తెచ్చేదాకా వచ్చిన కష్టాలు మీకు తెలిసే ఉంటాయి.

లాటరీ అన్నిటికీ మందు కాదు. రోడ్డు, ఆనకట్ట, భూ చట్టం వంటివి చీటీ వేసి పరీక్షించలేం. ఎందుకు పనిచేసిందన్నది కూడా అది ఒక్కటే చెప్పదు. అందుకు అరుగు మీద కూర్చొని మాట్లాడాల్సిందే.

*

ప్రశ్న: మా అబ్బోడిని ఒకటో తరగతికి కాన్వెంటులో వేయాలని మా ఆయన, సర్కారు బడే చాలని నేను. దీనిమీద ఎవరైనా పరిశోధన చేశారా?
– ఒక తల్లి, చంద్రగిరి

జవాబు: చేశారమ్మా, మన రాష్ట్రంలోనే చేశారు. పల్లె పిల్లలు కొందరికి లాటరీ ద్వారా ఫీజు కట్టే వోచర్లిచ్చి ప్రైవేటు బడికి పంపి, రెండేళ్లకు, నాలుగేళ్లకు పరీక్ష పెట్టారు. తెలుగులో, లెక్కల్లో లాటరీ తగిలిన పిల్లలు, తగలని పిల్లలు సమానంగానే ఉన్నారు. హిందీలో ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నారు, ఎందుకంటే సర్కారు ప్రాథమిక బడుల్లో హిందీ అప్పటికి దాదాపు చెప్పేవాళ్లే కాదు. ఇంకోపక్క, ప్రైవేటు బడి ఒక పిల్లవాడి మీద పెట్టే ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతుకు లోపే, తెలుగుకూ లెక్కలకూ ఇచ్చే సమయమూ తక్కువే. అది ప్రభుత్వం ఆలోచించాల్సిన మాట.

అది పదేళ్లు దాటిన సంగతి, పైగా సగటు. మీ ఊరి బడిలో టీచరమ్మ ఎలా చెబుతుందో ఏ సగటూ చెప్పదు. ఒక పూట వెళ్లి తరగతి గుమ్మం దగ్గర నిలబడండి. రెండో తరగతి పిల్లవాణ్ని పిలిచి ఒక పేరా చదవమనండి, ఒక తీసివేత చేయమనండి. పిల్లలకు చదవడం, లెక్కలు ఎంత వచ్చో చూసే ‘అసర్’ సర్వే వాళ్లు 2005 నుంచి దేశమంతా పల్లెల్లో చేస్తున్నది దాదాపు ఇదే. మీ ఆయన్నీ తోడు తీసుకుపోండి.

*

ప్రశ్న: స్టాటిస్టిక్స్‌తో డిగ్రీ పూర్తవుతోంది. ఈ రంగంలో ఉద్యోగాలున్నాయా? దేనికైనా హైదరాబాదో ఢిల్లీయో పోవాలా?
– ఒక విద్యార్థి, శ్రీకాళహస్తి

జవాబు: మీకు దగ్గర్లోనే ఉంది బాబూ. శ్రీసిటీలోని క్రియా విశ్వవిద్యాలయంలో ఈ రకం పరిశోధన జరుగుతుంది. లెక్కలు విశ్లేషించే సాఫ్ట్‌వేర్లలో స్టాటా గానీ ఆర్ గానీ ఒకటి గట్టిగా నేర్చుకోండి. సత్యవేడు, నగరి వైపు పని చేయాలంటే తమిళమూ కొంచెం రావాలి. అన్నిటికంటే ముందు ఒక ఏడాది ఫీల్డులో తిరగండి. అసలు సర్వేకు ముందు చేసే పైలట్‌లో ఫారం ఎక్కడ తెగుతుందో, జవాబులు సరిచూసే బ్యాక్ చెక్‌కు మళ్లీ అదే ఇంటికి పోతే జవాబు ఎందుకు మారుతుందో కళ్లారా చూడకుండా కంప్యూటరు ముందు కూర్చున్నవాడికి అంకె దొరుకుతుంది, మనిషి దొరకడు. ఆ టీ అంగడి ఆమె మాట నాకు ఏ తరగతి గదిలోనూ దొరకలేదు.

*

ప్రశ్న: నా సర్వీసులో మా ఊరికి కనీసం నాలుగు సర్వేలు వచ్చాయి. బడిలోనే బస ఇచ్చాం. ఒక్కరూ తిరిగొచ్చి ‘మీ ఊరి గురించి ఇది తెలిసింది’ అని చెప్పలేదు. ఇది మర్యాదేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, బంగారుపాళ్యం

జవాబు: కాదు మాస్టారూ. నేనూ ఎన్నో ఊళ్లకు ఆ బాకీ ఉన్నాను, క్షమించండి.

సామాజిక తనిఖీలో ఆ మర్యాద ఉంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో 17వ సెక్షన్ కింద, పని లెక్కలను ఊరే సరిచూసేలా గ్రామసభలో మస్టరు చదివి వినిపించే పద్ధతి వచ్చింది. మన రాష్ట్రం 2006 నుంచే ఆ పనిలో ముందుంది, 2009లో దానికోసం విడిగా ఒక సొసైటీ పెట్టింది. ‘నేను ఆ వారం పనికే రాలేదే, నా పేరున కూలి ఎట్లా పడింది?’ అని సభలో ఒకామె లేచి అడిగిన రోజున నేను అక్కడ ఉన్నాను. పథకం వల్ల ఊరి ఆదాయం పెరిగిందా అన్నది ఆ తనిఖీ చెప్పదు, దానికి ఇందాక చెప్పిన పోలికలు కావాలి. కానీ లెక్కను ఊరి ముందు పెట్టడమనే పద్ధతిని పరిశోధకులు దానినుంచి నేర్చుకోవాలి.

ఒక్కసారి నేను ఆ పని చేశాను. పొదుపు సంఘం రుణంతో ఆవులు కొన్న ఇళ్లమీద మూడేళ్లు సర్వే చేశాం. మూడో ఏడు ఆవులు తగ్గాయి. ‘పాడిపై ఆసక్తి సన్నగిల్లింది’ అని నేనే రాశాను. అచ్చుకు పంపేముందు మనసొప్పక, అట్టల మీద బొమ్మలు గీసుకొని ఆ ఊరికి పోయి రామాలయం ముందు పరిచాను. చదివి వినిపించగానే వెనకనుంచి ఒకావిడ లేచింది. ‘ఆసక్తి తగ్గిందని ఎవురు చెప్పినారు మీకు? పిల్లకు నర్సింగులో సీటొచ్చె, ఫీజుకు ఆవునమ్మితి. ఇంకో ఆవును చూస్తానే ఉండా’ అంది. ఒకరి తర్వాత ఒకరు లేచారు. పెళ్లికి అమ్మినవాళ్లు, ఆపరేషనుకు అమ్మినవాళ్లు, కాలేజీకి అమ్మినవాళ్లు. మా ఫారంలో ‘ఆవులెన్ని?’ అని ఉంది. ‘అమ్మితే దేనికి?’ అని లేదు. ఆ రాత్రి తిరుపతి బస్సులోనే ఆ వాక్యం కొట్టేసి, వాళ్లు చెప్పింది రాశాను.

మీ ఊరికి వచ్చినవాళ్ల పేరు, ఏ ఏడో గుర్తుంటే నాకు రాయండి. ప్రభుత్వ సొమ్ముతో చేసిన అధ్యయనమైతే సమాచార హక్కు చట్టం కింద నివేదిక అడుగుదాం, దరఖాస్తు నేను రాసిపెడతాను. చేతికొచ్చాక మీ బడి వరండాలోనే కూర్చొని తెలుగులో చదివి వినిపిస్తాను. పాలు పోసి వచ్చే వేళ చూసి సభ పెట్టించండి, ఆడవాళ్లు ఉండాలి.